హైదరాబాద్–అమెరికా ప్రయాణం మధ్యలో ఆగిపోతే: గల్ఫ్, యూరప్, ఢిల్లీ దారుల్లో ఏది ఎవరిని ఆదుకుంటుంది?

హైదరాబాద్ నుంచి అమెరికాకు టికెట్ కొనేటప్పుడు చాలామంది నాలుగే చూస్తారు: ధర ఎంత, 23 కిలోల బ్యాగులు రెండు ఇస్తారా, మధ్యలో ఎన్ని గంటలు ఆగాలి, భోజనం ఎలా ఉంటుంది. అన్నీ సవ్యంగా జరిగినంతవరకు ఇవి చాలు. శంషాబాద్‌లోనే మొదటి విమానం 4 గంటలు లేటయి, దుబాయ్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో రెండో విమానం వెళ్లిపోయిందనుకోండి. ఇక మీరు చికాగో ఎప్పుడు చేరతారో తేల్చేవి వేరే. ఎక్కడ ఆగిపోయారు, అక్కడి నుంచి తర్వాతి విమానం ఎప్పుడుంది, మీ పాస్‌పోర్టులో ఏ వీసా ఉంది, టికెట్ ఎవరి చేతిలో ఉంది అన్నవే అప్పుడు లెక్కలోకి వస్తాయి.

ఈ పోలిక ఆ రోజు కోసమే. సీట్ల వెడల్పు, సినిమాలు, ఐస్‌క్రీముల జోలికి పోవడం లేదు.

## వేటిని బట్టి పోల్చాలి

ఒకే టికెట్టా, విడివిడి టికెట్లా. మిగతావన్నీ దీని తర్వాతే. హైదరాబాద్–ఢిల్లీ ఒక సంస్థలో చవగ్గా తీసుకుని, ఢిల్లీ–నెవార్క్ ఇంకో సంస్థలో విడిగా కొంటే నాలుగైదు వేలు మిగలొచ్చు. మొదటిది రద్దయితే రెండో సంస్థకు ఆ సంగతి అక్కర్లేదు. మిమ్మల్ని 'నో-షో'గా, అంటే రాని ప్రయాణికుడిగా రాసుకుంటుంది. నో-షో పడితే సాధారణంగా అదే టికెట్ మీదున్న తిరుగు ప్రయాణం కూడా రద్దవుతుంది. 2025 డిసెంబరు మొదట్లో ఇండిగో విమానాలు వేలల్లో రద్దయినప్పుడు ఇలాంటి విడి టికెట్ల ప్రమాదం అందరికీ అర్థమైంది. ఒకే టికెట్ మీద ఉంటే మిమ్మల్ని చివరి ఊరికి చేర్చే బాధ్యత సంస్థదే. కింద చెప్పిన ప్రతి మాటా ఒకే టికెట్ ఉందనుకుని రాసిందే.

తర్వాతి విమానం ఎప్పుడు. మీ దారిలో రెండు ముక్కలుంటాయి: హైదరాబాద్ నుంచి మధ్య ఊరికి, అక్కడి నుంచి అమెరికాకు. రెండింటికీ రోజుకు ఎన్ని విమానాలున్నాయో విడివిడిగా చూడాలి. ఒక ముక్కలో బలంగా ఉన్న సంస్థ రెండో దాంట్లో పలచగా ఉండటం మామూలే.

ఇంకెవరి విమానంలో ఎక్కించగలరు. ఎయిర్ ఇండియా, లుఫ్తాన్సా, యునైటెడ్ స్టార్ అలయన్స్ అనే విమాన సంస్థల కూటమిలో ఉన్నాయి. ఖతార్, బ్రిటిష్ ఎయిర్‌వేస్, అమెరికన్ వన్‌వరల్డ్‌లో, కేఎల్ఎం, ఎయిర్ ఫ్రాన్స్, డెల్టా స్కైటీమ్‌లో. ఎమిరేట్స్, ఎతిహాద్ ఏ కూటమిలోనూ లేవు. కానీ వేరే సంస్థలతో విడిగా ఒప్పందాలున్నాయి. ఎమిరేట్స్‌కు యునైటెడ్‌తో అమెరికా లోపలి విమానాల ఒప్పందం ఉంది.

రాత్రి ఆగితే బయటికి వెళ్లగలరా. సంస్థ హోటల్ వోచర్ ఇచ్చినా ఆ దేశంలో అడుగుపెట్టే వీసా లేకపోతే ఆ కాగితం జేబులోనే ఉంటుంది.

చట్టం ఏం ఇప్పిస్తుంది. దీని మీద జనంలో ఉన్నన్ని అపోహలు ఇంక దేని మీదా లేవు. అందుకే దీనికి విడిగా ఒక భాగం ఇచ్చాం.

## ఒక్కచూపులో

| దారి | హైదరాబాద్ ముక్క | అమెరికా ముక్క | రాత్రి ఆగితే |
|---|---|---|---|
| దుబాయ్ (ఎమిరేట్స్) | రోజుకు ఒకటికి మించి | ఊళ్లు ఎక్కువ. చాలా ఊళ్లకు రోజుకు ఒకటే | అమెరికా వీసా ఉంటే బయటికి వెళ్లడం తేలిక |
| దోహా (ఖతార్) | రోజూ | ఊళ్లు ఎక్కువ. అమెరికన్ ఎయిర్‌లైన్స్ తోడు | హోటల్, ప్రవేశం సంస్థే చూస్తుంది |
| అబుదాబి (ఎతిహాద్) | రోజూ | ఊళ్లు తక్కువ. అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే | దుబాయ్ లాగే |
| లండన్ (బ్రిటిష్ ఎయిర్‌వేస్) | రోజుకు ఒకటే | పెద్ద ఊళ్లకు రోజుకు చాలా | అధికారి ఒప్పుకుంటే హోటల్‌కు వెళ్లొచ్చు |
| ఫ్రాంక్‌ఫర్ట్, ఆమ్‌స్టర్‌డామ్ | రోజూ ఉండదు | చాలా ఎక్కువ | షెంగెన్ (యూరప్ దేశాల ఉమ్మడి) వీసా లేకపోతే ఎయిర్‌పోర్టు లోపలే |
| ఢిల్లీ (ఎయిర్ ఇండియా) | రోజుకు చాలా | ఊళ్లు తక్కువ | వీసా సమస్యే లేదు |

## గల్ఫ్ దారి

గల్ఫ్ సంస్థల బలం హైదరాబాద్ వైపు ఉంది. మూడున్నర నుంచి నాలుగున్నర గంటల ప్రయాణం, రోజూ విమానాలు. అమెరికా నుంచి తిరిగి వస్తూ దుబాయ్‌లో కనెక్షన్ తప్పితే చాలాసార్లు అదే రోజు ఇంకో విమానం దొరుకుతుంది. హైదరాబాద్ విమానం నిండిపోతే బెంగళూరు, చెన్నై, ముంబై విమానాల్లో సీటు అడగొచ్చు. అడగాలి కూడా, ఎందుకంటే వాళ్ల కంప్యూటర్ ముందుగా హైదరాబాద్ విమానాన్నే వెతుకుతుంది.

వెళ్లేటప్పుడు సంగతి వేరు. దుబాయ్ నుంచి డల్లాస్ విమానం తప్పితే అదే ఊరికి తర్వాతిది సాధారణంగా మర్నాడు అదే సమయానికి. అంటే 24 గంటలు. ఇక్కడే ప్రయాణికులు మర్నాటి వోచర్ తీసుకుని వెనుదిరుగుతారు. ఆ పూటే హ్యూస్టన్, చికాగో, న్యూయార్క్, వాషింగ్టన్‌లకు విమానాలు ఉండి ఉండొచ్చు. 'హ్యూస్టన్ వరకు మీ విమానంలో, అక్కడి నుంచి డల్లాస్‌కు అమెరికా లోపలి విమానంలో పంపండి' అని ఊళ్ల పేర్లు చెప్పి అడిగితే పని జరిగే అవకాశం బాగా పెరుగుతుంది. ఖతార్‌లో అయితే ఇదే కోరిక అమెరికన్ ఎయిర్‌లైన్స్ పేరు చెప్పి కోరాలి.

ఎతిహాద్‌కు ఒక ప్రత్యేకత ఉంది. అబుదాబిలోనే అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీ అయిపోతుంది. అమెరికాలో దిగాక దేశీయ ప్రయాణికుల్లాగే బయటికి నడుస్తారు. లేటుగా దిగినా, న్యూయార్క్‌లోనో చికాగోలోనో ఇమిగ్రేషన్ వరసలో గంటన్నర పోయి లోపలి కనెక్షన్ కూడా తప్పే ప్రమాదం ఉండదు. కాకపోతే అమెరికాలో ఎతిహాద్ వెళ్లే ఊళ్లు తక్కువ, కాబట్టి పైన చెప్పిన 'ఇంకో ఊరికి పంపండి' అన్న ఉపాయం అంతగా పారదు.

ఇక అసలు బలహీనత. గల్ఫ్ సంస్థలకు మొత్తం వ్యవహారం ఒకే ఎయిర్‌పోర్టు మీద నడుస్తుంది. ఆ ఒక్కటి ఆగితే అన్నీ ఆగుతాయి. 2024 ఏప్రిల్ 16న దుబాయ్‌లో 75 ఏళ్లలో ఎన్నడూ లేనంత వాన పడినప్పుడు ఎమిరేట్స్ దాదాపు 400 విమానాలు రద్దు చేసింది. సుమారు 30 వేల బ్యాగులు వెనకబడిపోయాయి. దుబాయ్ మీదుగా కనెక్షన్ ఉన్నవాళ్లకు కొన్నాళ్లు చెక్‌ఇన్ ఆపేయాల్సి వచ్చింది. 12 వేలకు పైగా హోటల్ గదులు, రెండున్నర లక్షల భోజన వోచర్లు ఇచ్చామని సంస్థ అధినేత స్వయంగా రాశారు. అంత చేసినా వరసల్లో రోజులు గడిపినవాళ్లు ఉన్నారంటే లోపం మనసులో కాదు, ఒకే హబ్ మీద ఆధారపడటంలో ఉంది. 2025 జూన్ 23న ఖతార్ గగనతలం కొన్ని గంటలు మూతపడినప్పుడు దోహాకు వస్తున్న 90కి పైగా విమానాలు దారి మళ్లాయి. ఆ ప్రాంతంలో ఉద్రిక్తత ఉన్న వారాల్లో గల్ఫ్ దారి ఎంచుకునేముందు ఈ రెండు తేదీలూ గుర్తుంచుకోవాలి.

రాత్రి ఆగితే గల్ఫ్‌లో కష్టం తక్కువ. అమెరికా వీసా లేదా గ్రీన్‌కార్డు ఉన్న భారతీయులకు యూఏఈలో దిగాక వీసా ఇస్తారు, పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు ఉండాలి. బయటికి వెళ్లడం కుదరకపోయినా దుబాయ్‌లో, దోహాలో ట్రాన్సిట్ ప్రాంతంలోనే హోటళ్లున్నాయి. హిందీ మాట్లాడే సిబ్బంది దొరకడం కష్టం కాదు, శాకాహారం దొరుకుతుంది. ఇంగ్లీషు రాని అమ్మానాన్నలకు ఇవి చిన్న విషయాలు కావు.

## యూరప్ దారి

ఇక్కడ బలం తలకిందులు. అట్లాంటిక్ దాటే ముక్క గట్టిది, హైదరాబాద్ ముక్క పలచన.

లండన్ నుంచి న్యూయార్క్‌కు బ్రిటిష్ ఎయిర్‌వేస్, అమెరికన్ కలిసి రోజుకు చాలా విమానాలు నడుపుతాయి. పొద్దున ఒకటి తప్పితే మధ్యాహ్నం ఇంకొకటి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుఫ్తాన్సా, యునైటెడ్ రెండూ చికాగో, వాషింగ్టన్, నెవార్క్, శాన్‌ఫ్రాన్సిస్కోలకు వెళ్తాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో కేఎల్ఎం, డెల్టా. ర్యాలీ, కాన్సాస్ సిటీ, కొలంబస్ లాంటి ఊళ్లకు వెళ్లేవాళ్లకు యూరప్ దారిలో ప్రత్యామ్నాయాలు ఎక్కువ.

హైదరాబాద్‌లోనే విమానం రద్దయితే మాత్రం తిప్పలు. కేఎల్ఎం 2025 సెప్టెంబరులో వారానికి 3 విమానాలతో హైదరాబాద్ మొదలుపెట్టింది. లుఫ్తాన్సా 2024 జనవరి నుంచి నడుపుతోంది. రోజూ లేని దారిలో ఒకటి రద్దయితే అదే సంస్థ తర్వాతి విమానం ఎల్లుండి కావచ్చు. మెసేజ్‌లో వచ్చిన ఎల్లుండి టికెట్‌కు వెంటనే 'ఓకే' నొక్కకండి. ఢిల్లీ, ముంబై, బెంగళూరు నుంచి అదే రోజు వాళ్ల విమానాలు ఉంటాయి. హైదరాబాద్ నుంచి అక్కడికి దేశీయ విమానం కూడా అదే టికెట్ మీద వేయమని అడగండి. సొంత డబ్బుతో విడిగా ఢిల్లీ టికెట్ కొంటే మళ్లీ విడి టికెట్ల ఉచ్చులోనే పడతారు.

రాత్రి ఆగితే యూరప్ కష్టం. షెంగెన్ వీసా లేని భారతీయులు ఫ్రాంక్‌ఫర్ట్, ఆమ్‌స్టర్‌డామ్‌లలో ఎయిర్‌పోర్టు దాటలేరు. అత్యవసరంలో సరిహద్దు అధికారులు ప్రత్యేకంగా వీసా ఇచ్చే వెసులుబాటు నియమాల్లో ఉన్నా, దాన్ని నమ్ముకుని బయల్దేరకూడదు. ఫ్రాంక్‌ఫర్ట్ టెర్మినల్ 1లో, ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్‌లో పాస్‌పోర్ట్ తనిఖీ దాటకుండానే చేరగలిగే హోటళ్లున్నాయి. గదులు కొన్నే, విమానం రద్దయిందని ప్రకటించిన కొద్దిసేపటికే నిండుతాయి. వోచర్ కోసం వరసలో నిల్చునే ముందు ఫోన్‌లో అక్కడ గది చూసుకుని, రసీదు దాచి, తర్వాత సంస్థను అడగడం మేలు. లండన్ కొంచెం నయం. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా, మర్నాడు రాత్రి 11:59లోపు ఖరారైన విమానం ఉంటే వీసా లేకుండా బయటికి వెళ్లే ఏర్పాటుంది. నిర్ణయం మాత్రం అధికారిదే.

లండన్‌కూ ఒకే హబ్ సమస్య ఉంది. 2025 మార్చి 21న దగ్గర్లోని విద్యుత్ సబ్‌స్టేషన్‌లో మంటలు రేగి హీత్రూ రోజంతా దాదాపు మూతపడింది, 1,300కు పైగా విమానాలు దెబ్బతిన్నాయి. జర్మనీలో సమ్మెలు తరచూ జరుగుతాయి. ముందే ప్రకటిస్తారు కాబట్టి ప్రయాణానికి వారం ముందు నుంచి వార్తలు చూసుకుంటూ, సమ్మె ప్రకటించగానే ఉచితంగా తేదీ మార్చుకోవడం ఉత్తమం.

## ఢిల్లీ దారి

ఎయిర్ ఇండియాను చెడుగా తిట్టేవాళ్లూ, దేశీయ సంస్థ అని కళ్లు మూసుకుని ఎక్కేవాళ్లూ ఉన్నారు. ఈ కొలతలతో చూస్తే చిత్రం ఇలా ఉంటుంది.

హైదరాబాద్–ఢిల్లీ విమానాలు రోజుకు చాలా. ఉదయందే పోతే సాయంత్రంది ఉంది. వీసా గొడవ లేదు. ఆగిపోతే ఢిల్లీలో హోటల్‌కు వెళ్లొచ్చు. అవసరమైతే ప్రయాణం మానుకుని డబ్బు వాపసు అడిగి ఇంటికి వచ్చేయొచ్చు. ఆ స్వేచ్ఛ దుబాయ్‌లోనూ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనూ ఉండదు.

బలహీనతలు అమెరికా ముక్కలో. వెళ్లే ఊళ్లు కొన్నే. ఢిల్లీ–వాషింగ్టన్ విమానాన్ని 2025 సెప్టెంబరు 1 నుంచి ఆపేశారు. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని భారత విమానాలకు మూసేశాక దారి పొడవైంది. కొన్ని విమానాలు వియన్నాలోనో కోపెన్‌హాగెన్‌లోనో ఇంధనం కోసం దిగాల్సి వచ్చింది. పొడవైన దారిలో సిబ్బంది డ్యూటీ గంటల పరిమితికి దగ్గరగా నడుస్తారు. అందుకే రెండు మూడు గంటల ఆలస్యం కూడా కొత్త సిబ్బంది వచ్చేదాకా ఆగే పరిస్థితికి దారితీస్తుంది. బోర్డులో 'ఆపరేషనల్ రీజన్స్' అని కనిపించినప్పుడు కారణం ఇదా, యంత్ర లోపమా అని అడిగి తెలుసుకోండి. సిబ్బంది కోసమైతే ఆలస్యం ఎంతో వాళ్లు సుమారుగా చెప్పగలరు, యంత్ర లోపమైతే గంట గంటకూ జరుగుతూ పోతుంది.

డిసెంబరు, జనవరి నెలల పొగమంచు ఇంకొకటి. తెల్లవారుజామున ఢిల్లీ చేరి పొద్దున్నే అమెరికా విమానం ఎక్కే ప్రణాళిక ఆ రెండు నెలల్లో వద్దు. ముందు రోజు సాయంత్రమే ఢిల్లీ చేరే విమానం తీసుకోండి. తిరుగు ప్రయాణంలో సాధారణంగా ఢిల్లీలోనే ఇమిగ్రేషన్, బ్యాగులు, కస్టమ్స్, మళ్లీ బ్యాగులు అప్పగించడం ఉంటాయి కాబట్టి నాలుగు గంటలకు తగ్గకుండా పెట్టుకోవాలి.

## చట్టం నిజంగా ఏం ఇప్పిస్తుంది

'యూరప్ సంస్థ ఎక్కితే లేటైనందుకు 600 యూరోలు వస్తాయి' అని వాట్సాప్‌లో తిరిగే మాట సగమే నిజం. యూరోపియన్ యూనియన్ ఈయూ261 నిబంధన ప్రకారం 3,500 కిలోమీటర్లు దాటిన ప్రయాణంలో 3 గంటలకు మించి లేటుగా చేరితే 600 యూరోల దాకా పరిహారం ఉంది. 3–4 గంటల మధ్య అయితే సగానికి తగ్గించొచ్చు. వాతావరణం, గగనతలం మూసివేత లాంటివాటికి డబ్బు రాదు, భోజనం, హోటల్ మాత్రం ఇవ్వాల్సిందే. మామూలు యంత్ర లోపం, సంస్థ సొంత సిబ్బంది సమ్మె ఆ మినహాయింపు కిందికి రావు.

ఇది యూరప్‌లో బయల్దేరేవాళ్లకూ, యూరోపియన్ సంస్థలో యూరప్‌కు చేరేవాళ్లకూ. హైదరాబాద్–ఫ్రాంక్‌ఫర్ట్–చికాగో ఒకే టికెట్ మీద కొన్నవాళ్లకు బయల్దేరే చోటు భారత్, చేరే చోటు అమెరికా, రెండూ యూరప్ బయటివే. మధ్యలో మాత్రమే యూరప్‌లో ఆగే ఇలాంటి ప్రయాణానికి ఈ నిబంధన వర్తించదని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2022 ఫిబ్రవరిలో తేల్చింది. కాబట్టి 600 యూరోల ఆశతో అమెరికాకు యూరప్ సంస్థ టికెట్ కొనడంలో అర్థం లేదు. మ్యూనిక్‌లోనో డబ్లిన్‌లోనో చదువుకునే పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లకు మాత్రం ఇది గట్టి రక్షణ.

బ్రిటన్‌కు ఇలాంటి చట్టమే వేరుగా ఉంది, పరిహారం 520 పౌండ్ల దాకా. హైదరాబాద్–లండన్ బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కు రెండు వైపులా వర్తిస్తుంది. ఎయిర్ ఇండియాకు, ఎమిరేట్స్‌కు లండన్ నుంచి బయల్దేరే వైపు మాత్రమే. లండన్–దుబాయ్–హైదరాబాద్ ఒకే టికెట్ అయితే దుబాయ్‌లో తప్పిన కనెక్షన్ కూడా లెక్కలోకి వస్తుంది. బ్రిటన్‌లో ఉండే తెలుగువాళ్లు చాలామంది ఇది అడగకుండా వదిలేస్తున్నారు, అది వాళ్ల హక్కు.

భారత్‌లో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమాలు. 2 గంటలు దాటిన ప్రయాణం చివరి నిమిషంలో రద్దయితే, ముందుగా చెప్పకపోతే, 10 వేల రూపాయలు లేదా ఒకవైపు మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం, ఏది తక్కువైతే అది. సంస్థ చేతిలో లేని కారణాలకు రాదు. 24 గంటలు దాటిన ఆలస్యానికి, లేదా రాత్రి 8 నుంచి తెల్లవారుజాము 3 మధ్య బయల్దేరాల్సిన విమానం 6 గంటలకు మించి లేటైతే హోటల్ ఇవ్వాలి. అమెరికా కనెక్షన్లు చాలావరకు ఈ వేళల్లోనే ఉంటాయి కాబట్టి ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకోండి.

అమెరికాలో లేటుకు నగదు పరిహారం లేదు, వాపసు హక్కు గట్టిది. అంతర్జాతీయ విమానం రద్దయినా, 6 గంటలకు మించి మారినా, మీరు కొత్త విమానం ఒప్పుకోకపోతే పూర్తి డబ్బు. క్రెడిట్ కార్డుకు 7 పనిదినాల్లో. కానీ దారి మధ్యలో ఉన్నప్పుడు ఈ హక్కు వాడుకోవడం చాలాసార్లు పొరపాటు. వాపసు తీసుకున్న క్షణం నుంచి మిమ్మల్ని చేర్చే బాధ్యత సంస్థ మీద ఉండదు, ఆ పూట దుబాయ్‌లో కొనే కొత్త టికెట్ ధర ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు.

అన్ని దారులకూ వర్తించేది మాంట్రియల్ ఒప్పందం అనే అంతర్జాతీయ విమాన ప్రయాణ ఒప్పందం. 2024 డిసెంబరు 28 నుంచి ఆలస్యం వల్ల జరిగిన నష్టానికి పరిమితి 6,303 ఎస్‌డీఆర్‌లు (ఐఎంఎఫ్ లెక్క ద్రవ్యం), అంటే 8 వేల డాలర్ల పైన. ఇది ఊరికే ఇచ్చే మొత్తం కాదు. బిల్లులతో నిరూపించిన ఖర్చే వస్తుంది, చేయగలిగిందంతా చేశామని సంస్థ నిరూపిస్తే అదీ రాదు. గల్ఫ్ దారిలో మీకు ఆధారం ఎక్కువగా ఇదే. సంస్థ కదలకపోతే ప్రభుత్వ ఫిర్యాదుల వేదిక ఎయిర్‌సేవలో ఫిర్యాదు, ఆపైన మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తర్వాత ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయొచ్చు, ఢిల్లీ ముంబైలు తిరగక్కర్లేదు.

## ఎవరికి ఏది

మొదటిసారి వెళ్లే అమ్మానాన్నలు. ఎమిరేట్స్ లేదా ఖతార్. ఢిల్లీ నుంచి నేరుగా వెళ్లే ఊరే గమ్యమైతే, పొగమంచు నెలలు కాకపోతే ఎయిర్ ఇండియా కూడా. షెంగెన్ ఎయిర్‌పోర్టులో కుర్చీల మీద రాత్రి గడపాల్సిన పరిస్థితి వాళ్లకు వద్దు. ధరలో పది పదిహేను వేల తేడా ఉన్నా ఈ మాట మారదు.

స్టాంపింగ్ (పాస్‌పోర్టులో కొత్త వీసా వేయించుకోవడం) కోసం ఇండియా వస్తున్న హెచ్1బీ ఉద్యోగులు. పాస్‌పోర్టులో అమెరికా వీసా గడువు అయిపోయి ఉంటే యూరప్, లండన్ ట్రాన్సిట్ మినహాయింపులు చాలావరకు పనిచేయవు. గల్ఫ్ లేదా ఎయిర్ ఇండియా. ఇంకో ముఖ్యమైన సంగతి: గల్ఫ్ విమానం రద్దయి 'మీకు ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వేశాం' అంటే అక్కడే వీసా సంగతి చెప్పి మార్పించుకోండి. చెప్పకపోతే తర్వాతి చెక్‌ఇన్ కౌంటర్‌లో ఆపేయొచ్చు, అప్పటికి మిగతా సీట్లు అయిపోయి ఉంటాయి.

ఆగస్టులో బయల్దేరే విద్యార్థులు. అందరూ ఒకేసారి వెళ్లే నెల, కాబట్టి కనెక్షన్ తప్పితే మర్నాటి విమానంలోనూ సీట్లు ఉండవు. తరగతులు మొదలయ్యేందుకు కనీసం వారం ముందు చేరేలా కొనుక్కోండి. గమ్యం చిన్న ఊరైతే లండన్ దారి, పెద్ద ఊరైతే గల్ఫ్. ఆలస్యం ప్రోగ్రామ్ మొదలయ్యే తేదీని దాటేలా ఉంటే విమానం ఎక్కకముందే యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల సంగతి చూసే అధికారికి (డీఎస్‌వో) ఈమెయిల్ పంపాలి.

ఫలానా తేదీకి చేరితీరాల్సినవాళ్లు. లండన్, అదీ ఒకరోజు ముందు. అట్లాంటిక్ ముక్కలో రోజుకు ఇన్ని విమానాలు ఉండటమే ఇక్కడ ప్రాణం.

పసిపిల్లలతో ఉన్నవాళ్లు. ఎతిహాద్ వెళ్లే ఊరైతే అదే. అమెరికాలో దిగాక వరస లేకపోవడం విలువ నిద్రపోతున్న బిడ్డను ఎత్తుకుని ఉన్నప్పుడు తెలుస్తుంది.

## ఆగిపోయిన మొదటి గంటలో

వరసలో నిల్చోండి, అదే సమయంలో యాప్ తెరవండి, అదే సమయంలో ఫోన్ చేయండి. మూడింట్లో ఏది ముందు తగిలితే అది. కాల్‌సెంటర్ ఇండియా నంబరు బిజీగా ఉంటే అదే సంస్థ అమెరికా, బ్రిటన్, సింగపూర్ నంబర్లకు ఇంటర్నెట్ కాల్ చేయండి, వాళ్లకూ కనిపించేది అదే బుకింగ్. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో పీఎన్‌ఆర్‌తో అక్కడి నుంచి చేస్తే ఇంకా మేలు.

ఆన్‌లైన్ ఏజెంట్ దగ్గర కొన్నారని 'మీ ఏజెంట్‌ను అడగండి' అని పంపేయబోతే, ప్రయాణం మొదలైందని, రద్దు సంస్థ వైపు నుంచి జరిగిందని చెప్పండి. అలాంటప్పుడు ఎయిర్‌పోర్టు కౌంటర్‌లోనే మార్చగలరు.

కొత్త విమానం వేశాక అందరూ చేసే తప్పు బోర్డింగ్ టైమ్ చూసుకుని వెళ్లిపోవడం. సీటు ఖరారు కావడం ఒకటి, టికెట్ రీఇష్యూ కావడం, అంటే కొత్త విమానానికి తిరిగి జారీ కావడం ఇంకొకటి. బుకింగ్‌లో కొత్త విమానం కనిపిస్తుంది గానీ ఈ-టికెట్ పాత విమానానికే అంటుకుని ఉంటుంది. అలా ఉన్నప్పుడు తర్వాతి కౌంటర్‌లో 'మీకు సీటుంది, టికెట్ లేదు' అంటారు, ముఖ్యంగా వేరే సంస్థ విమానానికి మార్చినప్పుడు. అందుకే కౌంటర్ వదిలేముందు 'టికెట్ రీఇష్యూ అయిందా, కొత్త 13 అంకెల నంబరు చెప్పండి' అని అడగండి. మొదటి మూడంకెలు టికెట్ ఇచ్చిన సంస్థవి: ఎమిరేట్స్ 176, ఖతార్ 157, ఎతిహాద్ 607, ఎయిర్ ఇండియా 098, లుఫ్తాన్సా 220, బ్రిటిష్ ఎయిర్‌వేస్ 125, కేఎల్ఎం 074. ఆ నంబరు ఈమెయిల్‌లో వచ్చేదాకా కదలకపోవడం మంచిది.

వీల్‌చైర్, శాకాహార భోజనం, పిల్లల ఉయ్యాల లాంటి కోరికలు కొత్త విమానానికి వాటంతటవే వెళ్లవు. మళ్లీ చెప్పి వేయించుకోవాలి. భోజనం కోరిక సాధారణంగా ఒక రోజు ముందే తీసుకుంటారు కాబట్టి అదే రోజు విమానమైతే దొరకదనే అనుకుని, చేతిసంచిలో తినడానికి ఏదైనా పెట్టుకోండి. మందులు ఎప్పుడూ చేతిసంచిలోనే, చీటీతో సహా, కనీసం నాలుగు రోజులకు సరిపడా.

రద్దు లేదా ఆలస్యం కారణాన్ని కాగితం మీద గానీ ఈమెయిల్‌లో గానీ తీసుకోండి. ఇన్సూరెన్స్‌కూ, వినియోగదారుల కమిషన్‌కూ, ఆఫీసుకూ అదే ఆధారం. పాత బోర్డింగ్ పాస్, బ్యాగ్ ట్యాగ్ చీటీలు, భోజనం రసీదులు పారేయకండి.

బ్యాగులు రాకపోతే ఎయిర్‌పోర్టు బయటికి రాకముందే పీఐఆర్ (బ్యాగు ఫిర్యాదు) ఫారం రాయించి నంబరు తీసుకోవాలి. ఎన్ని సంస్థలు మారినా చివరి విమానం నడిపిన సంస్థ కౌంటర్‌లోనే రాయించాలి, మిగతావాళ్లు బాధ్యతను ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. బ్యాగు పగిలితే 7 రోజుల్లో, లేటుగా వస్తే చేతికందిన నాటి నుంచి 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 21 రోజులు దాటినా రాకపోతే పోయినట్టే లెక్క, పరిమితి మనిషికి 1,519 ఎస్‌డీఆర్‌లు, అంటే దాదాపు 2,000 డాలర్లు, కాస్త పైన. పెళ్లి పట్టుచీరలు, బంగారం ఆ పరిమితిలో సరిపోవు, అవి చెక్‌ఇన్ బ్యాగులో పెట్టొద్దు. ఊరగాయల సీసాలకు విలువ కట్టేవాళ్లు ఎవరూ ఉండరు గానీ, మూతలకు టేపు చుట్టి రెండు కవర్లలో పెడితే మూడు రోజులు ఎయిర్‌పోర్టుల్లో తిరిగినా పక్క బట్టలు పాడవకుండా ఉంటాయి.